పిలకాయలకి పేకముక్కలతో పది చేసే లెక్క

మా నెల్లూరు ఎండలకి మధ్యాన్నం పిలకాయల్ని బయటికి పంపలేం కదా, అప్పుడు ఈ ఆట ఆడించండి. పేకలోంచి జాకీలు, రాణులు, రాజులు, జోకర్లు, పదులు తీసేస్తే 36 ముక్కలు మిగుల్తాయి, ఆసు అంటే ఒకటి. బాగా కలిపి చాప మీద బోర్లా పరిచి ఒక్కొక్కళ్లు రెండేసి తిప్పాలి, కలిపితే పది వస్తే ఆ జత వాళ్లదే, రాకపోతే మళ్లీ అక్కడే బోర్లించాలి. 7కి 3, 6కి 4, 5కి ఇంకో 5, అట్లా మొత్తం 18 జతలు, ఒక్కటి కూడా మిగలదు. చిన్నోళ్లు ముక్క మీద గుర్తుల్ని వేలు పెట్టి లెక్కేసుకుంటారు, లెక్కేసుకోనీండి, జవాబు మీరు మాత్రం చెప్పొద్దు, నాకైతే అన్నిటికన్నా ఇదే ముఖ్యం. మరీ చిన్నోళ్లకి ఆరు జతలు ఏరి పెట్టండి చాలు. ఇది వచ్చేసినాక తీసివేతలు, చెరో ముక్క వేసి పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తే ఎంతో ముందు చెప్పినోళ్లకే రెండూ.