పాత షీటు, కొత్త షీటు ఒకే గేమ్‌లో: డీ అండ్ డీ క్లాసుల తేడాలతో వచ్చే ఇబ్బందులు

పాచికలతో పాత్రలు పోషించే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఐదో ఎడిషన్ నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2014లో వచ్చింది. 2024లో దాన్ని సవరించి మళ్లీ వేశారు. రెండూ కలిపి ఆడుకోవచ్చు కాబట్టి ఒకరు పాత షీటుతో (పాత్ర క్లాస్, అంటే దాని వృత్తి, శక్తులు రాసుకునే కాగితం), ఇంకొకరు కొత్త షీటుతో కూర్చుంటారు. పేచీలు అక్కడే మొదలవుతాయి.

సమస్య: కొత్త పుస్తకానికి మారగానే పాలడిన్ (పవిత్ర యోధుడి క్లాస్) దెబ్బలో పస తగ్గింది

కారణం: డివైన్ స్మైట్, అంటే ఆయుధపు దెబ్బకి దైవశక్తి డ్యామేజ్ కలిపే విద్య. పాత పద్ధతిలో తగిలిన ప్రతి దెబ్బకీ ఒక స్పెల్ స్లాట్ (మంత్రాలు వేయడానికి ఇన్నని దొరికే వంతు) ఖర్చు పెట్టి స్మైట్ కలుపుకోవచ్చు. 5వ లెవెల్ పాలడిన్ రెండు దెబ్బలూ కొట్టి, రెండో లెవెల్ స్లాట్లు రెండూ వాడేస్తే అదనంగా ఆరు డీ8 (ఎనిమిది ముఖాల) పాచికలు, అంటే సగటున 27 డ్యామేజ్. బాస్ మొదటి రౌండ్లోనే కూలబడేది ఇందుకే. 2024లో స్మైట్ ఒక స్పెల్ అయింది, దానికి బోనస్ యాక్షన్ (టర్న్‌కి ఒకటే దొరికే చిన్న అదనపు పని) కావాలి. కాబట్టి టర్న్‌కి ఒక్కటే. పైగా లే ఆన్ హ్యాండ్స్ (చేత్తో తాకి గాయం మాన్పడం) కూడా ఇప్పుడు బోనస్ యాక్షనే. ఆ టర్న్‌లో స్మైట్ కొడతారా, పడిపోయిన స్నేహితుణ్ణి లేపుతారా, తేల్చుకోవాలి.

పరిష్కారం: పాత స్మైట్‌ని వెనక్కి తేకండి. రెండు కత్తుల పాలడిన్ అయితే వెపన్ మాస్టరీలో (2024లో ఆయుధాలకి వచ్చిన ప్రత్యేక గుణాలు) నిక్ ఉన్న సిమిటర్ (వంకర కత్తి) ఎంచుకోండి. రెండో చేతి దెబ్బ అటాక్ యాక్షన్‌లోనే కలిసిపోతుంది, బోనస్ యాక్షన్ స్మైట్‌కి మిగులుతుంది. స్లాట్ ఖర్చు లేకుండా రోజుకో స్మైట్ ఉచితంగా వస్తుంది, అది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

సమస్య: మాంక్ (ఉత్తి చేతులతో పోరాడే క్లాస్) అందరినీ దాటేశాడు

కారణం: మాంక్‌ది కొత్త షీటు, మిగతావాళ్లది పాతది. మార్షల్ ఆర్ట్స్ పాచిక డీ4కి బదులు డీ6తో మొదలవుతుంది. బోనస్ యాక్షన్‌తో డాష్‌కో (అదనపు పరుగు) డిస్‌ఎంగేజ్‌కో (ఎదురు దెబ్బ పడకుండా తప్పుకోవడం) మాంక్ శక్తి పాయింట్లు అక్కర్లేదు. ఒకప్పుడు బాణాలనే ఆపగలిగినవాడు ఇప్పుడు కత్తి దెబ్బనీ ఆపగలడు.

పరిష్కారం: మాంక్‌ని కోయకండి. ఇన్నేళ్లూ వెనకబడిన క్లాస్ అది, ఇప్పటికి న్యాయం జరిగింది. ఫైటర్, బార్బేరియన్ షీట్లు కూడా మార్చండి, వాళ్లకి వెపన్ మాస్టరీ వస్తుంది. స్టన్నింగ్ స్ట్రైక్‌ని (శత్రువుని స్తంభింపజేసే దెబ్బ) ఎలాగూ టర్న్‌కి ఒకసారికే పరిమితం చేశారు.

సమస్య: పెద్ద కత్తి ఫైటర్ డ్యామేజ్ ఆకాశాన్ని అంటుతోంది

కారణం: పాత గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ (పాత్ర ఎంచుకునే అదనపు నైపుణ్యం), కొత్త వెపన్ మాస్టరీ రెండూ కలిపేశారు. పాత ఫీట్‌లో గురికి 5 తగ్గించుకుంటే డ్యామేజ్‌కి 10 కలుస్తుంది. గురి తప్పడమే దానికి మూల్యం. గ్రేట్‌సోర్డ్‌కి ఉండే గ్రేజ్ మాస్టరీతో తప్పిన దెబ్బకీ కొంత డ్యామేజ్ వస్తుంది, ఇక భయమేముంది?

పరిష్కారం: ఒకే పేరుతో రెండు ఫీట్లు ఉంటే 2024దే వాడాలి. అందులో ఆ 5, 10 బేరం లేదు, డ్యామేజ్‌కి ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే అంకె) కలుస్తుంది.

సమస్య: మొదటి లెవెల్ క్లరిక్‌కి (పూజారి క్లాస్) డొమైన్ (క్లరిక్ సబ్‌క్లాస్, అంటే క్లాస్‌లోని శాఖ) కనబడట్లేదు

ఇప్పుడు అన్ని క్లాసులకీ సబ్‌క్లాస్ 3వ లెవెల్లోనే. పాత సబ్‌క్లాస్ తెచ్చుకున్నా, అంతకు ముందు రావాల్సినవన్నీ 3లో ఇవ్వండి.

సమస్య: రేంజర్ తన మంచి స్పెల్స్ వాడలేకపోతున్నాడు

కారణం: క్లాస్ మొత్తం హంటర్స్ మార్క్ (గుర్తు పెట్టిన శత్రువుకి అదనపు డ్యామేజ్ ఇచ్చే స్పెల్) చుట్టూ అల్లారు, దానికేమో కాన్సన్‌ట్రేషన్ (ఒకసారికి ఒక్క స్పెల్ మీదే నిలపగలిగే ధ్యాస) కావాలి. ఇంకో కాన్సన్‌ట్రేషన్ స్పెల్ వేస్తే మార్క్ పోతుంది.

పరిష్కారం: పుస్తకంలో లేదు. 13వ లెవెల్లో డ్యామేజ్ వల్ల కాన్సన్‌ట్రేషన్ పోకుండా చేశారు, కానీ అసలు చిక్కు అలాగే ఉంది. స్లాట్ లేకుండా ఉచితంగా వేసే మార్క్‌కి 5వ లెవెల్ నుంచి కాన్సన్‌ట్రేషన్ అక్కర్లేదని డంజన్ మాస్టర్ (ఆట నడిపేవాళ్లు) ఒప్పుకోవాలని నా అభిప్రాయం. హౌస్ రూల్ (పుస్తకంలో లేని సొంత నియమం) పెట్టాల్సి వస్తే ఈ ఒక్క చోటే పెట్టండి.