కాళ్ల మీద ఎర్ర పొక్కులు ఎలా తగ్గాయంటే

అనంతపురంలో మా ఇంటికి బోరు నీళ్లే. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. ఆ నీళ్లతోనే, స్నానం చివర్లో హడావిడిగా, వాడి పారేసే రెండు బ్లేడ్ల రేజర్‌తో కాళ్లు గీసుకునేదాన్ని. మరుసటి రోజుకల్లా పిక్కల మీద ఎర్ర పొక్కులు, మంట.

డబ్బు పోతే పోయిందని ఐదు బ్లేడ్లది కొన్నాను. నున్నగా వచ్చింది, నిజమే. కానీ కొన్ని వెంట్రుకలు చర్మం లోపలికే తిరిగి పెరగడం మొదలైంది. బ్లేడ్లు ఎక్కువైతే వెంట్రుక చర్మం మట్టం కంటే కిందికి తెగుతుంది, దాంతో వచ్చిన తంటా అది.

చివరికి నాన్న వాడే లాంటి స్టీలు సేఫ్టీ రేజరే తెచ్చుకున్నాను. ఒకే బ్లేడు. మొదటిసారి చీలమండ దగ్గర తెగింది. ఒత్తి గీయడం నా తప్పే. దాని బరువుకే వదిలేసి, సుమారు 30 డిగ్రీల వాలులో, వెంట్రుకలు పెరిగే దిక్కుకే చిన్న చిన్నగా గీయాలి. మోకాలి దగ్గర కాలు కొంచెం మడిస్తే చర్మం బిగుతుగా ఉంటుంది.

నురగ కోసం క్యాన్ నీళ్లు ఒక చెంబెడు వేడి చేసుకుంటాను. "తాగే నీళ్లు కాళ్లకు పోస్తావేమే!" అని అమ్మ రోజూ గొణుగుతుంది. బ్లేడు ఐదారు సార్లకు మారుస్తాను. పొక్కులు ఇప్పుడు లేవు. ఊరెళ్లేటప్పుడు మాత్రం ఇంకా ఆ ఐదు బ్లేడ్లదే బ్యాగులో పడేస్తాను, తొందరలో తెగదని.