సాహస నవలల సిరీస్‌ను సినిమాలుగా రాయడం ఎలా?

మన వైపు సాహస కథలకు చోటు కొదవ లేదు. దేవరకొండ, రాచకొండ కోటలున్నాయి, నాగార్జున సాగర్ నీళ్లలో మునిగిన పాత రాజధాని విజయపురి ఉంది, అమ్రాబాద్ అడవి ఉంది. వీటి మీద నాలుగైదు భాగాల నవల రాసుకున్నవాళ్లు దాన్ని తెర మీద ఊహించుకోకుండా ఉండలేరు. చిక్కేమిటంటే, లక్షల్లో అమ్ముడైన నవలల సిరీస్‌లు కూడా సినిమాలుగా ఒకటి రెండు భాగాలకే ఆగిపోయాయి. అవి ఎక్కడ తడబడ్డాయో చూసుకుంటూ రాస్తే మన స్క్రిప్ట్ కొంతైనా గట్టిగా నిలబడుతుంది.

ఉదాహరణకు ఒక కథ అనుకుందాం. నల్లమల అడవిలోని ఒక పెంటలో, అంటే చెంచుల గూడెంలో పుట్టి, అచ్చంపేట హాస్టల్‌లో చదువుకుంటున్న పదమూడేళ్ల చెంచు అమ్మాయి. ఐదు నవలలు. మొదటిది సలేశ్వరం లోయలో జరుగుతుంది, చివరిది సాగర్ నీటి అడుగున.

ముందు అన్ని భాగాలూ చదివి, వెనక నుంచి రాసుకోండి

స్క్రిప్ట్ మొదటి నవలతో మొదలుపెట్టకండి. చివరి నవల ముగింపు దగ్గర కూర్చుని, ఇది నమ్మాలంటే ప్రేక్షకుడికి ముందే ఏం తెలిసి ఉండాలో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. చాలా సినిమాలు దెబ్బతినేది ఇక్కడే.

మన కథలో చూడండి. తేనె కోసం కొండ అంచు నుంచి తాడు మీద కిందికి దిగేవాడి ప్రాణం పైన తాడు పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది. చెంచుల్లో ఆ తాడు బావమరిదే పట్టుకుంటాడని చెప్తారు. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు పోనివ్వడని నమ్మకం. మొదటి నవలలో ఇది తాత నోట మూడు లైన్ల మాట. మూడో నవలకు వచ్చేసరికి ఆ అమ్మాయి తండ్రి అలా దిగుతూనే పడి చనిపోయాడని తెలుస్తుంది. ఆ రోజు తాడు పట్టుకున్నది మేనమామ కాదు, ఇంకెవరో. ‘నిడివి ఎక్కువైంది, తాత సీన్ తీసేద్దాం’ అని మొదటి సినిమాలోనే కోసేశామనుకోండి, మూడో సినిమాలో పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పెట్టినా ఆ దెబ్బ తగలదు. ఫైట్ ఒకటి తగ్గించండి గానీ తాత మాట ఉంచండి.

మొదటి సినిమాకు దాని ముగింపు దానికివ్వండి

2007లో వచ్చిన ‘ది గోల్డెన్ కంపాస్’ సినిమాకు మూలం మూడు నవలల సిరీస్‌లో మొదటిది. పుస్తకం చివర్లో గుండె పిండే అధ్యాయాలున్నాయి. వాటిని రెండో సినిమాకని పక్కన పెట్టారు. రెండో సినిమా రానే లేదు. డబ్బు సంగతి ఇంకో కథ. ఖర్చు దాదాపు 18 కోట్ల డాలర్లు, అమెరికాలో వచ్చింది 7 కోట్లు. బయటి దేశాల్లో బాగానే ఆడింది గానీ, అక్కడి హక్కులు ముందే అమ్మేయడంతో ఆ లాభం నిర్మాణ సంస్థకు పెద్దగా దక్కలేదు. అవే నవలలు 2019 నుంచి 2022 వరకు మూడు సీజన్ల టీవీ సిరీస్‌గా వచ్చి, కథ చివరిదాకా నడిచింది.

‘డైవర్జెంట్’ నవలలను సినిమాలు తీసినవాళ్లు ఇంకో దారి పట్టారు. మూడో నవలను రెండు సినిమాలుగా చీల్చారు. 2016లో మొదటి సగం ఆడలేదు, రెండో సగం తీయనే లేదు. ఇది అత్యాశ అంటాను నేను. అలాగని చీల్చడమే తప్పు కాదు. ఐదు భాగాల తమిళ నవల ‘పొన్నియిన్ సెల్వన్’ను రెండు సినిమాలుగా కుదించి, రెండూ కలిపి షూట్ చేసి, 2022లో ఒకటి, 2023లో ఒకటి విడుదల చేశారు. రెండోది వస్తుందో రాదో అన్న టెన్షన్ ప్రేక్షకుడికి లేదు.

కాబట్టి మన మొదటి సినిమా సలేశ్వరంలో తప్పిపోయిన తమ్ముడు దొరకడంతో పూర్తవ్వాలి. తండ్రి ఎలా పోయాడన్న ప్రశ్న మాత్రం మిగలాలి.

వయసు లెక్క తప్పకండి

పెర్సీ జాక్సన్ నవలల్లో హీరోకు మొదట పన్నెండేళ్లు. అతనికి పదహారు నిండే రోజు ఏదో జరుగుతుందన్న జోస్యం మీదే ఐదు పుస్తకాలూ నడుస్తాయి. 2010 సినిమాలో హీరో అప్పటికే ఆ వయసు కుర్రాడిలా ఉన్నాడు. గడియారం మొదట్లోనే ఆగిపోయినట్టయింది. 2013లో రెండో సినిమాతో సరి. హ్యారీ పోటర్‌లో అవే పిల్లలు 2001 నుంచి 2011 వరకు ఎనిమిది సినిమాల్లో కళ్లముందే పెరిగారు. అన్ని కాల్షీట్లు మనకు దొరకవు. అందుకే నవలల మధ్య ఏడాది గ్యాప్ ఉంటే, స్క్రిప్ట్‌లో రెండు మూడేళ్లు చేసుకోండి. కథలో ఏదీ చెడకపోతే చాలు.

మనసులో మాటను పనిగా మార్చండి

నవలలో అమ్మాయి భయం రెండు పేజీలు. దాన్ని వాయిస్ ఓవర్‌లో చదివించడం చాలా సులువు, చాలా బోరు. గుహ ముందు ఆమె చెప్పులు విప్పి చేత పట్టుకుంటుంది. టార్చి ఆర్పి, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఆగుతుంది. ఒక్క డైలాగ్ లేకుండానే భయమూ తెలుస్తుంది, అడవి తెలిసిన పిల్ల అనీ తెలుస్తుంది.

ఖర్చును వెనక్కి నెట్టండి

నీటి అడుగు సీన్లు మొదటి సినిమాలో వద్దు. టైగర్ రిజర్వ్ లోపల షూటింగ్‌కు అటవీ శాఖ అనుమతి కావాలి కనుక, ఎన్ని సీన్లు అడవి అంచున, ఊళ్లో, హాస్టల్ గదిలో జరగగలవో చూసుకోండి. నవల మీది కాకపోతే హక్కులు ఒక్క పుస్తకానికి కాదు, మొత్తం సిరీస్‌కు రాయించుకోండి.

స్క్రిప్ట్ అయ్యాక నవలలు చదవని ఒకరిని కూర్చోబెట్టి మొదటి భాగం చదివి వినిపించండి. మధ్యలో ‘అదేంటంటే...’ అని మీరు నోరు తెరవాల్సి వచ్చిన ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, అక్కడ మళ్లీ రాయండి.