ఐదో మెయిన్, రెండో క్రాస్: గ్రాఫ్ మీద బిందువు పెట్టడం ఎలా

బెంగళూరులో అడ్రసు పట్టుకుని ఇల్లు వెతకడం వచ్చిన పిల్లలకి నిరూపకాలు (గ్రాఫ్ మీద బిందువు చోటు చెప్పే సంఖ్యలు) సగం వచ్చినట్టే. అక్కడ వీధులకి మెయిన్, క్రాస్ అని నంబర్లుంటాయి. మల్లేశ్వరం పేటలో క్రాస్‌లు దక్షిణాన ఒకటితో మొదలై ఉత్తరాన పద్దెనిమిది దాకా వెళ్తాయి. మెయిన్‌లు వాటిని కోస్తూ పోతాయి. మెయిన్ ఒక్కటే చెబితే వీధంతా తిరగాలి. క్రాస్ కూడా చెబితే ఒక్క మూల దగ్గర నిలబడతాం. తలం మీద బిందువుకి రెండు సంఖ్యలు కావాల్సింది ఇందుకే.

ఆ మిగిలిన సగంలోనే తొమ్మిదో తరగతి పిల్లలు తడబడతారు. "రెండో క్రాస్, ఐదో మెయిన్" అన్నా, తిప్పి చెప్పినా చేరేది అక్కడికే, ఎందుకంటే ప్రతి సంఖ్య పక్కనా దాని పేరుంది. (5, 2) అని రాసినప్పుడు పేర్లుండవు. రాసిన వరసే పేరు పని చేస్తుంది: మొదటిది ఎక్స్, అంటే అడ్డంగా ఎంత అన్నది; రెండోది వై, అంటే నిలువుగా ఎంత అన్నది. అందుకే దాన్ని క్రమయుగ్మం అంటాం. (2, 5) వేరే బిందువు. రెండో తేడా: వీధుల మధ్య దూరం ఒక్కలా ఉండదు, గ్రాఫ్ మీద మాత్రం గీతకీ గీతకీ మధ్య దూరం సమానంగా ఉండి తీరాలి. మూడోది: ఐదో క్రాస్ మల్లేశ్వరంలోనూ ఉంది, జయనగర్‌లోనూ ఉంది. పేట పేరు లేని అడ్రసు ఎంత పనికొస్తుందో, మూలబిందువు (అడ్డ, నిలువు అక్షాలు కలిసే సున్నా చోటు) ఎక్కడో తేల్చని నిరూపకాలూ అంతే.

పిల్లలు ఇంగ్లీషు మీడియం, మీరు తెలుగు మీడియం అయితే ఈ మాటలు కలిపి చూసుకోండి. ఆరిజిన్ అంటే మూలబిందువు, క్వాడ్రంట్ అంటే పాదం, రెండు అక్షాలు తలాన్ని చేసే నాలుగు భాగాల్లో ఒకటి. ఆబ్సిస్సా ఎక్స్ నిరూపకం, ఆర్డినేట్ వై నిరూపకం.

మామూలు గ్రాఫ్ కాగితంలో పెద్ద గడి 1 సెం.మీ., అందులో చిన్న గడి 1 మి.మీ. ముందు ఇచ్చిన బిందువులన్నీ చదివి అతి పెద్ద, అతి చిన్న విలువలు చూడండి. ఆ తరువాతే అక్షాలు గీయండి. రుణ సంఖ్యలు లేకపోతే మూలబిందువుని కాగితం కింద ఎడమ మూలకి జరపొచ్చు. స్కేలు 1 సెం.మీ.కి 1, 2, 5 లేదా 10 యూనిట్లు తీసుకోండి. 3 తీసుకుంటే చిన్న గడి విలువ 0.3 అవుతుంది, అప్పుడు 4ని ఏ గీత మీదా పెట్టలేరు. స్కేలు ఎంతో కాగితం మూల రాయండి. సంఖ్యలు గీతల కింద వేయాలి, గడుల మధ్యలో కాదు. బార్ గ్రాఫులు గీసిన అలవాటుతో చాలామంది గడిలో వేస్తారు, దాంతో ప్రతి బిందువూ అర గడి పక్కకి పోతుంది.

ఇక (−3, 2) పెట్టాలంటే, పెన్సిల్ ఎప్పుడూ మూలబిందువు దగ్గరే మొదలవ్వాలి, ముందు పెట్టిన బిందువు దగ్గర కాదు. ఎడమకి 3, అక్కడి నుంచి పైకి 2. సన్నగా చుక్క పెట్టి పక్కన పేరు రాయండి. పాదాలు కుడి పైనుంచి గడియారం ముల్లుకి ఎదురు దిశలో లెక్కిస్తాం: (+, +), (−, +), (−, −), (+, −). మన బిందువు రెండో పాదంలో పడింది. అక్షం మీద పడ్డ బిందువు ఏ పాదానికీ చెందదు.

సున్నా దగ్గర తప్పులు ఎక్కువ. (0, 4) అంటే అడ్డంగా కదలొద్దు, పైకి 4 వెళ్లు అని. కనుక అది వై అక్షం మీద ఉంటుంది. ఎక్స్ సున్నా కదా అని ఎక్స్ అక్షం మీద పెట్టేవాళ్లు చాలామంది. ఇలాంటిదే ఇంకో చిక్కు: (−3, 2) వై అక్షానికి ఎంత దూరం? 3. ఎక్స్ నిరూపకం చెప్పేది వై అక్షం నుంచి దూరాన్ని. దూరానికి రుణ గుర్తు ఉండదు.

చేతి పని సరిగా ఉందో లేదో ఇలా చూసుకోండి. రెండు అక్షాల మీదా 1 సెం.మీ. = 1 యూనిట్ తీసుకుని (2, 1), (6, 1), (6, 4), (2, 4) పెట్టి వరసగా కలపండి. కర్ణం స్కేలుతో కొలిస్తే 5 సెం.మీ. రావాలి, ఎందుకంటే భుజాలు 4, 3. రాకపోతే ఏదో బిందువు జరిగింది. వచ్చినా అక్కడితో ఆగొద్దు. అన్ని జతలూ తిరగేసి పెట్టినా కర్ణం 5 సెం.మీ.లే వస్తుంది. దీర్ఘచతురస్రం పడుకుని ఉండాలి, నిలబడి ఉంటే వరస తప్పింది. రెండు అక్షాలకీ వేర్వేరు స్కేళ్లు తీసుకుంటే కర్ణాన్ని ఇలా కొలిచి చూడటం కుదరదు.

1637లో ఫ్రెంచి గణితవేత్త రెనె డెకార్ట్ అచ్చు వేయించిన జ్యామితి నుంచి ఎదిగిన ఈ పద్ధతికి కార్టీసియన్ అన్న పేరు ఆయన మీదే వచ్చింది. ఫోన్‌లోని మ్యాప్ కూడా జంట సంఖ్యలతోనే నడుస్తుంది, కానీ వరస తిరగబడి ఉంటుంది. బెంగళూరు 12.97, 77.59 అన్నప్పుడు మొదటిది అక్షాంశం, అంటే ఉత్తరానికి ఎంత అన్నది, గ్రాఫులో అది వై. తారుమారు చేస్తే ఆర్కిటిక్ సముద్రంలో, స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలతారు.

చెన్నై సుమారు 13.08, 80.27. అక్షాంశాల తేడా 0.11, ఒక డిగ్రీకి దాదాపు 111 కి.మీ. చొప్పున 12 కి.మీ. రేఖాంశాల తేడా 2.68. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి 13 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ సుమారు 108.5 కి.మీ.లే, అంటే 291 కి.మీ. రెంటి వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే సూటి దూరం దాదాపు 291 కి.మీ. రేఖాంశానికీ 111 వాడితే దాదాపు 7 కి.మీ.లు ఎక్కువొస్తాయి. రెండు అక్షాల స్కేళ్లు వేరని మరిచిపోతే జరిగేది అదే.