ఫీజు కాగితం వెనకవైపు కూడా చూడండి

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి బజారులో నాది చిన్న జిరాక్స్ దుకాణం. ఆన్‌లైన్ ఫారాలు కూడా నింపుతాను. ప్లస్ టూ రిజల్టు వచ్చిన దగ్గర్నుంచి వానలు ముదిరేదాకా నా కౌంటరు ముందు నిలబడిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఏటి బాబూ, మొత్తం ఎంతవుద్ది?" పదేళ్లు నోటికొచ్చింది చెప్పి పంపించాను. మూడేళ్ల కిందట మా అమ్మాయికి ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీటు వచ్చాక గానీ, ఆ లెక్క నాకే తెలియదని తెలిసిరాలేదు.

ఫోనులో కాలేజీ వాళ్లు "ఏడాదికి 90 వేలండీ" అన్నారు. ఇచ్చిన కాగితం మీద కూడా పెద్ద అక్షరాల్లో 90,000 అనే ఉంది. అది ట్యూషన్ ఫీజు. కాగితం తిప్పితే చిన్న అక్షరాల్లో మిగతావి: డెవలప్‌మెంట్ ఫీజు 12,000, అడ్మిషన్ 5,000, పరీక్షలూ రిజిస్ట్రేషనూ కలిపి 4,500, కాషన్ డిపాజిట్ 5,000, హాస్టలూ మెస్సూ 72,000. అంతా కూడితే 1,88,500. కాగితంలో లేనివి ల్యాప్‌టాప్ 42,000, పరుపు, బకెట్టు, దోమతెర వగైరా 4,500. మొదటి ఏడు నా చేతిలోంచి వెళ్లాల్సింది 2,35,000 అన్నమాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, టెన్షన్.

ముందు ఒక నోటుబుక్కు తీసుకుని పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఒక్కసారి కట్టేవి, కుడివైపు ప్రతి ఏడూ కట్టేవి రాయండి. మాకు ఎడమవైపు అడ్మిషన్, డిపాజిట్, ల్యాప్‌టాప్, పరుపు వగైరా కలిపి 56,500 వచ్చింది. కుడివైపు 1,78,500. దాన్ని నాలుగుతో హెచ్చవేసి ఎడమది కలిపితే 7,70,500. మెస్సు రేటు పెరగకపోతేనే అది. పెరగకుండా ఉండదు కాబట్టి కొంచెం ఎక్కువే అనుకోండి. చాలామంది మొదటి ఏడు డబ్బు చూసుకుని పిల్లని చేర్చేస్తారు. మూడో ఏడు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతారు.

ఇక మన సరిహద్దు వాళ్లకి మాత్రమే ఉన్న చిక్కు చెబుతాను. మా బావమరిది టెక్కలిలో ఉంటాడు. "మా వైపు కాలేజీలో చేర్చెయ్ బావా, రీయింబర్స్‌మెంటు వచ్చేస్తది" అన్నాడు. మనం తెలుగోళ్లం, చుట్టాలంతా అవతలే, ఏరు దాటితే పాతపట్నం. వచ్చేస్తుందనే నేనూ అనుకున్నాను. కానీ ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంటు ఆంధ్రా స్థానికులకే. మా అమ్మాయి ఆరో తరగతి నుంచి ప్లస్ టూ దాకా ఇక్కడే చదివింది కాబట్టి అక్కడ నాన్‌లోకల్. పోనీ ఎలాగోలా మేనేజ్‌మెంట్ కోటాలో చేరదామంటే, ఆ కోటాలో అక్కడి పిల్లలకే రీయింబర్స్‌మెంటు ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు గీసిన గీత ఇంట్లో మాట్లాడే భాషని అడ్డుకోలేదు గానీ స్కాలర్‌షిప్పుని అడ్డుకుంటుంది. అందుకని ఏ కాలేజీ అయినా "మీకు స్కాలర్‌షిప్పు వస్తుంది" అంటే, "ఏ రాష్ట్రం వాళ్లకి?" అని వెంటనే అడగండి.

మనకి వచ్చేది ఒడిశా రెసిడెంట్ సర్టిఫికెట్‌తో వస్తుంది. రెసిడెంట్, ఇన్‌కమ్, కాస్ట్, ఈ మూడూ తహసీల్ ఆఫీసువి. అడ్మిషన్ల హడావిడి మొదలవక ముందే పెట్టుకోండి, రిజల్టు వచ్చాక అందరూ ఒకేసారి పడతారు. ఆంధ్రాలో బీసీ అయిన కులం ఇక్కడి జాబితాలో కూడా ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. చూసి నిర్ధారించుకోండి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పిల్లలకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకి కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు నమోదైన వాళ్ల పిల్లలకి చదువు సాయం వేరే ఉంది. కార్డు ఉండి కూడా అది అడగని మేస్త్రీలు మన ఊళ్లో బోలెడుమంది.

కేంద్రం ఇచ్చేవి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఉంటాయి. ప్లస్ టూలో తన స్ట్రీమ్‌లో 80వ పర్సంటైల్ పైన (అంటే నూటికి 80 మంది కన్నా పైన) వచ్చి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటని వాళ్లకి డిగ్రీలో ఏడాదికి 12,000 వస్తుంది. ఏటా రెన్యువల్ కావాలంటే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. టెక్నికల్ చదువుకి ఆడపిల్లలకైతే ఏఐసీటీఈ (టెక్నికల్ చదువుల్ని చూసే కేంద్ర మండలి) ఇచ్చే ప్రగతి అని ఏడాదికి 50,000. ఆదాయం 8 లక్షల లోపు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా. మెరిట్ మీద కాబట్టి వేసినవాళ్లందరికీ రాదు. మా అమ్మాయికి వచ్చింది, అదే మమ్మల్ని నిలబెట్టింది. కౌన్సెలింగ్‌లో ట్యూషన్ ఫీజు వేవర్ సీట్లు కూడా ఉంటాయి, ఆదాయం 8 లక్షల లోపు వాళ్లకి. వాటిలో మాఫీ అయ్యేది ట్యూషన్ ఒక్కటే, కాగితం వెనకవైపువన్నీ మామూలుగానే కట్టాలి.

ఫారం నింపేటప్పుడు నా దుకాణంలో ఎక్కువసార్లు ఆగిపోయేది పేరు దగ్గర. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి స్కూళ్లు వెనక రాస్తాయి. మా అమ్మాయి మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్లో ఇంటిపేరు చివర ఉండి, పేరు 'ఎక్స్'తో లక్ష్మి. ఆధార్లో ఇంటిపేరు ముందు, పేరు 'కే ఎస్ హెచ్'తో లక్ష్మి. మనకి ఒకే లక్ష్మి, కంప్యూటర్‌కి ఇద్దరు. మెట్రిక్ సర్టిఫికెట్‌ని దారికి తెచ్చుకోవడం కష్టం, ఆధార్‌నే దానికి సరిపోయేలా మార్పించండి. తరవాత బ్యాంకుకి వెళ్లి ఆ ఖాతాకి ఆధార్ సీడింగ్ అయిందా అని అడగండి. ఖాతాలో ఆధార్ నంబరు రాసి ఉండటం వేరు, సీడింగ్ వేరు; సీడింగ్ అంటే ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాలోకే పడేలా కలపడం. అది లేకపోతే స్కాలర్‌షిప్పు మంజూరైనా డబ్బు పడదు.

ఇక లోన్. మేం అడిగింది 4 లక్షలు, ఏడాదికి లక్ష చొప్పున. మేనేజరుగారు "ఇంటి పత్రాలు తెచ్చారా?" అన్నారు. బ్యాంకులన్నీ అనుసరించే నమూనా పథకంలో 4 లక్షల దాకా తాకట్టు గానీ, బయటివాళ్ల హామీ గానీ, మన వాటా డబ్బు గానీ అక్కర్లేదు. ఏడున్నర లక్షల దాకా కూడా తాకట్టు లేకుండా ఇవ్వడానికి బ్యాంకులకి ప్రభుత్వ గ్యారంటీ నిధి ఉంది. "కుదరదంటే కాగితం మీద రాసివ్వండి సార్" అని మర్యాదగానే అడిగాను. రెండు వారాలకి సంతకాలకి పిలిచారు.

వడ్డీ లెక్క బ్యాంకు వాళ్లు చెప్పరు, మనమే వేసుకోవాలి. చదువు నాలుగేళ్లు, ఆ తరవాత ఇంకో ఏడు, వాయిదా కట్టక్కర్లేదు. కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పది శాతం అనుకుంటే మొదటి లక్షకి అయిదేళ్లకి 50,000, రెండో దానికి 40,000, తరవాతవి 30,000, 20,000. అంటే 1,40,000 పెరిగి 4 లక్షలు 5,40,000 అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి ఇంచుమించు 7,140. అదే వడ్డీని నెలనెలా కట్టుకుంటూ వస్తే అసలు 4 లక్షలే మిగిలి, వాయిదా 5,290 దగ్గర ఆగుతుంది. మేం ఆ దారే పట్టాం, మొదటి ఏడు నెలకి 833 రూపాయలే కదా. మా ఆవిడ స్కూలు జీతంతో కలిపి మా ఆదాయం నాలుగున్నర లక్షలు దాటింది. దాటని వాళ్లకి టెక్నికల్ కోర్సుల్లో ఈ వడ్డీ కేంద్రమే కట్టే పథకం ఉంది, కాలేజీకి న్యాక్ గానీ కోర్సుకి ఎన్‌బీఏ గానీ (రెండూ చదువు నాణ్యత చూసే సంస్థలు) గుర్తింపు ఉండాలి. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి అయితే ఎంపిక చేసిన మంచి ర్యాంకు కాలేజీలకే. అందులో 8 లక్షల లోపు ఆదాయం వాళ్లకి 10 లక్షల దాకా లోన్ మీద 3 శాతం వడ్డీ తగ్గుతుంది, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పు తీసుకుంటుంటే తగ్గదు.

చివరికి మా లెక్క ఇలా తేలింది: లోన్ 4 లక్షలు, ప్రగతి నాలుగేళ్లకి 2 లక్షలు, మిగతా 1,70,500 మేం నాలుగేళ్లలో సర్దుకోవాలి. వడ్డీ దీనికి పైన.

ఇంకో మాట. సీటు ఖాయం కాకముందే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ వదిలి రావద్దు. ముందు చేరిన కాలేజీలో మేం అదే తప్పు చేసి, కౌన్సెలింగ్‌లో వేరే సీటు వచ్చాక వాటికోసం మూడుసార్లు తిరిగాం. క్లాసులు మొదలవక ముందే మానేస్తే వెయ్యికి మించి కోయకూడదనీ, ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదనీ ఏఐసీటీఈ నిబంధన. ఆ కాగితం ప్రింటు తీసి బల్ల మీద పెట్టాక గానీ గుమాస్తా బీరువా తాళం తీయలేదు.

మా ఇంట్లో అమ్మాయి కాషన్ డిపాజిట్ రసీదు లోన్ పాస్‌బుక్కులో మడతపెట్టి ఉంది. నాలుగో ఏడు చివర ఆ 5,000 వెనక్కి ఇవ్వాలంటే ముందు అదే చూపించమంటారట.