వీఏ క్లెయిమ్ చేసిపెడతామనే వాళ్లతో జాగ్రత్త

అమెరికాలో మాజీ సైనికులు వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఇచ్చే వైకల్య భత్యానికి తొలిసారి పెట్టుకునే దరఖాస్తుకు సాయం చేసి ఫీజు పుచ్చుకోవడం చట్టవిరుద్ధం. అయినా కొన్ని కంపెనీలు ‘కన్సల్టింగ్’ ముసుగులో, పెరిగిన నెలసరి మొత్తానికి ఐదారు రెట్లు గుంజుతాయి. నెలకు 1,000 డాలర్లు పెరిగితే 5,000 వాళ్లకే!

సంతకం పెట్టకముందే వీఏ జనరల్ కౌన్సెల్ (న్యాయ విభాగం) కార్యాలయపు అక్రెడిటేషన్ జాబితాలో, అంటే గుర్తింపు పొందిన ప్రతినిధుల జాబితాలో చూడండి. మీతో మాట్లాడుతున్న మనిషి పేరుతోనే వెతకాలి. పేరు లేదా, అక్కడితో ఆపేయండి. వీఏ లాగిన్ పాస్‌వర్డ్ అడిగినా అంతే.

తొందరపెడితే కంగారు పడొద్దు. దరఖాస్తు చేసే ఉద్దేశం తెలిపే 21-0966 ఫారం మీరే వేస్తే, భత్యం లెక్కకు ఆ తేదీ నిలిచి, పూర్తి దరఖాస్తుకు ఏడాది గడువు దొరుకుతుంది. తర్వాత డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంఘాలకు, వాళ్లను ప్రతినిధిగా నియమించే 21-22 ఫారం ఇస్తే వాళ్ల ప్రతినిధి ఉచితంగా చూసుకుంటారు. తొలి నిర్ణయం వచ్చాక లాయరును పెట్టుకుంటే వీఏ చెల్లించే భత్యం బకాయిలో 20 శాతం దాకా ఫీజు సబబే. మూడోవంతు దాటితే ఫీజును సమీక్షించమని వీఏను అడగొచ్చు.