పెద్దలకు ఫోను భద్రత – 4వ పాఠం: పెట్టేశాక ఏ నంబరుకు చేయాలి?

బ్యాంకు పేరుతోనో పింఛను పేరుతోనో ఎవరైనా ఫోను చేస్తే వాదనకు దిగకుండా పెట్టేసి, మనమే బ్యాంకుకు చేసి కనుక్కోవాలని గత పాఠంలో చెప్పుకున్నాం. వచ్చిన ఉత్తరాలను బట్టి చూస్తే, పెట్టేయడం దాకా అందరికీ బాగానే వచ్చింది; మనమే చేయడం దగ్గర చాలామంది బోల్తా పడ్డారు. అందుకని ఈసారి మొదలుపెట్టాల్సిన క్యూఆర్ కోడ్ సంగతిని వాయిదా వేసి, తిరిగి ఏ నంబరుకు చేయాలన్న ఒక్క విషయాన్నే తేల్చుకుందాం. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పకూడదన్న మాట ఇక్కడ మళ్లీ రాయను.

పలాస నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం చూడండి. ఆమె మావగారు రైల్వేలో ఉద్యోగ విరమణ చేసినవారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుల్లో, అది అందలేదని, పింఛను ఆగిపోతుందని ఫోను వస్తే ఆయన నేర్చుకున్నట్టే పెట్టేశారు. తరువాత మనవడిని పిలిచి, "మన బ్యాంకు నంబరు నెట్‌లో చూడరా బాబూ" అన్నారు. మనవడు వెతికి, అన్నిటికన్నా పైన కనిపించిన నంబరుకు కలిపి తాతగారి చేతికిచ్చాడు. అవతలి మనిషి, "పెట్టేసి మంచి పని చేశారండీ, వాడు దొంగే, మీ జాగ్రత్త వల్లే డబ్బు నిలిచింది" అని మెచ్చుకుని, ఖాతాకు రక్షణ కోసమంటూ వాట్సాప్‌లో ఒక ఫారం పంపాడు. అది ఫారం కాదు, ఏపీకే ఫైలు, అంటే ఫోనులో కొత్త యాప్‌ను ఎక్కించే ఫైలు. దాన్ని ఫోనులో ఎక్కించి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే, వచ్చే మెసేజీలను అదే చదివి దొంగకు చేరవేయగలదు. ఓటీపీ నోటితో చెప్పకపోయినా డబ్బు పోతుంది. కోడలు చూసి ఆపారు కాబట్టి సరిపోయింది.

నాకు చికాకు కలిగించేది ఈ నెట్‌లో వెతకడమే, కాబట్టి కొంచెం విస్తారంగానే చెబుతాను. వెతికినప్పుడు పైన వచ్చే వాటిలో కొన్ని డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. మ్యాపులో బ్యాంకు శాఖ పేరు కింద కనిపించే ఫోను నంబరుకు మార్పులు సూచించే వీలు బయటివారికి కూడా ఉంటుంది. ఆ దారిన తప్పుడు నంబర్లు చేరిన సందర్భాలున్నాయి. ఫేస్‌బుక్‌లో ఎవరైనా బ్యాంకు మీద ఫిర్యాదు రాస్తే, దాని కిందే "ఈ నంబరుకు కాల్ చేయండి" అంటూ బ్యాంకు బొమ్మ పెట్టుకున్న దొంగ ఖాతా జవాబిస్తుంది. గ్యాస్ బుకింగ్, కొరియర్, రైలు టికెట్ డబ్బు వాపసు, కరెంటు బిల్లు, ఏ సంస్థ కస్టమర్ కేర్ కోసం వెతికినా ఇదే గొడవ. ఫోను చేసినవారి పేరు చూపించే యాప్‌లో బ్యాంకు పేరు పడిందని కొందరు ధైర్యం చెప్పుకుంటున్నారు. అటువంటి యాప్‌లలో చాలా పేర్లు జనం పెట్టినవే, దొంగ కూడా పెట్టించుకోగలడు. బ్యాంకు కాల్స్ కోసం 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారన్నది నిజమే గాని, ఆ వివరం పిల్లలు గుర్తుంచుకుంటే చాలు. వచ్చిన నంబరును పరీక్షించే పని పెద్దల మీద పెట్టడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి సూత్రం ఇది: ఆ ఫోను రాకముందే ఇంట్లో ఉన్న కాగితం మీది నంబరుకే చేయాలి. ఏటీఎం కార్డు వెనుక, పాస్‌బుక్ మీద నంబరు ఉంటుంది. లేకపోతే శాఖకు వెళ్లినప్పుడు అడిగి రాయించుకోవాలి. దాన్ని అంకె అంకె చూసి నొక్కాలి. బటన్ల ఫోనులో పచ్చ బటన్ రెండుసార్లు నొక్కితే చాలా ఫోన్లలో చివరి నంబరుకే పోతుంది, అంటే ఇందాకటి దొంగకే. బొబ్బిలి నుంచి రాసిన ఒకరికి సరిగ్గా ఇదే జరిగింది.

మన జిల్లాల్లో ఇంకొక చిక్కు ఉంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు కిందికి వచ్చాయి. పెట్టెలో దాచిన పాత పాస్‌బుక్ మీద పాత పేరు, పాత నంబరే ఉంటాయి. "బ్యాంకు మారింది, ఖాతా కొత్తగా నమోదు చేయాలి" అన్న మాట నిజంలా వినిపించేది కూడా అందుకే. అటువంటి పాస్‌బుక్ ఉన్నవారు ముందుగా శాఖకు వెళ్లి కొత్తది తీసుకోవాలి. ఎన్టీఆర్ భరోసా పింఛను తీసుకునేవారి సంగతి తేలిక: డబ్బు ఇంటికి తెచ్చి ఇచ్చే సచివాలయ ఉద్యోగి వచ్చినప్పుడే ఆయన నంబరు రాయించుకుంటే సరిపోతుంది.

ఈ నంబర్లను ఫోనులో దాచుకోమని కొందరు చెబుతారు, నేను చెప్పను. దళసరి అట్ట మీద మార్కరుతో పెద్ద అంకెల్లో రాసి, ఛార్జింగ్ పెట్టే చోట గోడకు అంటించండి. అడిగినవారున్నారు గాని, ఏ బ్యాంకు నంబరూ ఈ పాఠంలో ఇవ్వను. ఎవరో రాసిన నంబరును నమ్మవద్దనే కదా ఇంతసేపూ చెబుతున్నాను. సైబర్ నేరాల ఫిర్యాదుకు దేశమంతటికీ ఉన్న 1930 మాత్రం ఆ అట్ట మీద ఎర్ర సిరాతో ఉండాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే దానికి చేయాలి, సాయంత్రం కొడుకు వచ్చేదాకా ఆగకూడదు.

అభ్యాసం కొంచెం కష్టమైనదే. ఈ వారంలో పరీక్ష ఫోను ఒకటి వస్తుందని ఇంట్లో పెద్దలకు ముందే చెప్పండి, ఏ రోజో చెప్పకండి. వారికి గొంతు తెలియని స్నేహితుడి చేత, మధ్యాహ్నం కునుకు తీసే వేళ, బ్యాంకు అధికారినంటూ ఫోను చేయించండి. పెద్దలు పెట్టేసి, లేచి అట్ట దగ్గరకు వెళ్లి, అందులోని నంబరు నొక్కి, అవతలివారు పలికేదాకా ఆగాలి. మీరు పక్కనే ఉన్నా అందించకూడదు. మిమ్మల్ని పిలిచి నెట్‌లో చూడమన్నారంటే పాఠం ఇంకా రానట్టే. విసుక్కోకుండా అట్ట మరోసారి చూపించి, కొన్నాళ్లకు వేరే గొంతుతో మళ్లీ చేయించండి.